వృత్తిని సూచించే ఇంటిపేరు మూలం, అర్థం, వ్యాప్తి తెలుసుకోవడం ఎలా? – ‘కరణం’ ఉదాహరణగా

ఇంటిపేరు ఏదో ఒక వృత్తిని సూచిస్తున్నట్లు కనిపించగానే చాలామంది నిఘంటువు తెరిచి, అందులో దొరికిన అర్థాన్నే తమ వంశచరిత్రగా చెప్పుకుంటారు. ఆ మాటకు అర్థమేమిటన్నది ఒక ప్రశ్న. ఆ మాట మీ కుటుంబానికి ఎప్పుడు, ఏ ఊరిలో, ఏ కారణంగా అంటుకుందన్నది మరొక ప్రశ్న. ఈనాడు అది ఎందరికి, ఎక్కడెక్కడ ఉందన్నది మూడో ప్రశ్న. ఈ మూడింటికీ ఆధారాలు వేర్వేరు చోట్ల దొరుకుతాయి కాబట్టి వెతుకులాట కూడా విడివిడిగానే సాగాలి. ఊరి లెక్కలు రాసే ఉద్యోగిని సూచించే ‘కరణం’ అనే ఇంటిపేరును ఉదాహరణగా తీసుకుని ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. మీ ఇంటిపేరు రాయసం కావచ్చు, తలారి కావచ్చు, జోస్యుల కావచ్చు; పద్ధతి మాత్రం ఇదే.

1. అది నిజంగా వృత్తి పేరేనా అని ముందు నిర్ధారించుకోండి

తెలుగు ఇంటిపేర్లలో ఊరి పేరునుంచి వచ్చినవి చాలా ఎక్కువ. వాటిలో కొన్ని వృత్తుల పేర్లలాగే వినిపించి దారి తప్పిస్తాయి. భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న ఇంటిపేరు వినగానే కంచు, ఇత్తడి పాత్రలు చేసే కంచరి పని గుర్తుకు రావచ్చు. కానీ నెలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహసీల్దారుగా పనిచేసిన ఆయన నియోగి బ్రాహ్మణ కుటుంబానికి చెందినవాడు. ‘కావలి’ అంటే కాపలా పని, అదే పేరుతో నెల్లూరు జిల్లాలో ఒక పట్టణమూ ఉంది. ‘వడ్ల’ అన్నది తెలంగాణలో వడ్రంగిని సూచించే మాట, మరోచోట అదే మాట ధాన్యానికి సంబంధించినది కావచ్చు. మాట ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు వీటిలో ఏదీ తేల్చి చెప్పలేం.

పేరు చివరి భాగాన్ని గమనిస్తే కొంత సాయం దొరుకుతుంది. జోస్యుల, భాగవతుల, వేదుల వంటి పేర్లలో ‘ల’ బహువచనం మీద వచ్చిన షష్ఠి, అంటే ‘యొక్క’ అనే అర్థమిచ్చేది. జోస్యుల వారు అంటే జోస్యుల వంశం వారు అని సూటిగా అర్థమవుతుంది. మాచర్ల, చీరాల వంటి పేర్లలోనూ ‘ల’ ఉంది గాని అవి ఊర్లు. కనుక మీ ఇంటిపేరుతో ఎక్కడైనా ఊరు ఉందేమో, పాడుపడిన గ్రామాలతో సహా, రెవెన్యూ గ్రామాల జాబితాలో వెతికిన తరువాతే ముందుకు వెళ్ళండి. ప్రగడ అనే మాటతో ముగిసే పేర్ల సంగతి వేరు. మంత్రి అనే అర్థమున్న ఆ మాట మల్లాప్రగడ, మంత్రిప్రగడ వంటి పేర్లలో హోదాగా మిగిలింది; కన్నడంలో హెగ్గడె దానికి చుట్టం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పూర్వం కాగితం రాసేవారు మనిషి పేరుకు ముందు ఇంటిపేరుకు బదులు కులవృత్తి పేరు చేర్చే అలవాటు విరివిగా ఉండేది. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన చాకలి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. ఆమె పేరు జనం నోట, పుస్తకాల్లో, వృత్తితోనే స్థిరపడిపోయింది. మీ ముత్తాత పేరు ఒక పాత కాగితంలో వృత్తి పేరుతో కనబడితే, అది ఆ ఇంటివారు చెప్పుకున్న పేరా, రాసినవాడు తగిలించిన పేరా అన్న అనుమానం తప్పక పెట్టుకోండి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే ఇంటిపేర్ల మీద వచ్చే రాతల్లో సగం పనికిరాకుండా పోతున్నాయని నా అభిప్రాయం.

2. అర్థాన్ని ప్రాంతంతోనూ కాలంతోనూ కలిపి చూడండి

బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు మూడింటిలోనూ మీ మాటను చూడండి, ఒక్కదానితో ఆగవద్దు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువుకు ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన అధికారి కావడంతో కచేరీల్లో వాడుకలో ఉన్న మాటలు అందులో దండిగా చేరాయి. కరణం విషయంలో సంస్కృతంలోని కరణ శబ్దానికి చేయడం, సాధనం అనే అర్థాలతో పాటు లేఖకుడు, పత్రం అనే అర్థాలూ ఉన్నాయి. శాసనాల్లో కనిపించే శ్రీకరణం రాజుగారి లెక్కల శాఖ. పంచాంగంలో తిథి, వారం, నక్షత్రం, యోగం తరువాత వచ్చే కరణానికి ఈ ఉద్యోగంతో సంబంధం లేదు. రెండూ ఒకే మాట కావడంతో జ్యోతిషంతో ముడిపెట్టేవారు ఉన్నారు కనుక చెబుతున్నాను.

తరువాత ఆ పని ఏమిటో వివరంగా తెలుసుకోండి. గ్రామానికి చెందిన పన్నిద్దరు ఆయగాండ్రలో, అంటే ఊరికి సేవ చేసే వృత్తులవారిలో, కరణం ఒకడు. భూమి లెక్కలు, శిస్తు లెక్కలు, పంటల అడంగళ్ళు (ఏ పొలంలో ఏ పంట ఉందో తెలిపే పట్టికలు) రాయడం అతని పని. వసూలు బాధ్యత మునసబు అనే గ్రామాధికారిది, కావలి తలారిది. ఇదే పనికి తెలంగాణలో పట్వారీ అని, మహారాష్ట్రలో కులకర్ణి అని, కన్నడ దేశంలో శానుభోగ అని, తమిళనాట కణక్కుపిళ్ళై అని పేర్లు. అందువల్ల ‘కరణం’ ఇంటిపేరుగా ఉన్న కుటుంబం ఇప్పుడు తెలంగాణలో ఉంటే, ఆ కుటుంబం కోస్తానుంచి గాని రాయలసీమనుంచి గాని వచ్చిందా అన్న ప్రశ్న వేసుకోవడం సమంజసం. మరోవైపు ఉత్తర కోస్తాలో శిష్టకరణాలనే ప్రత్యేక సముదాయం ఉంది, ఒడిశాలో కరణాలనే లేఖక వర్గం ఉంది. అక్కడ ఈ మాట ఉద్యోగాన్ని మించి సముదాయానికే పేరయింది.

ఆ ఉద్యోగం మీద లోకానికి ఉన్న అభిప్రాయాన్ని కూడా గమనించండి. కరణం కరణాన్ని నమ్మితే ప్రాణం మీదికే వస్తుందని సుమతీ శతకం హెచ్చరించింది. లెక్కలు ఒకరి చేతిలోనే ఉన్న రోజుల్లో ఊరికి అతనిమీద ఉండే భయభక్తులు ఆ పద్యంలో తెలుస్తాయి. ‘కరణంగారి ఇల్లు’ అన్న పిలుపు తరతరాలు నిలవడానికి ఆ భయభక్తులు కూడా కారణమే.

ఒక హోదా మనిషి పేరు ముందు ఉన్నంతమాత్రాన అది అప్పటికే ఇంటిపేరు అయిందనుకోకండి. శ్రీకృష్ణదేవరాయల కొలువులోని రాయసం కొండమరుసయ్య పేరులో రాయసం ఆయన చేసిన లేఖకోద్యోగాన్ని తెలిపే మాట. సుమారు మూడున్నర శతాబ్దాల తరువాత పుట్టిన రచయిత రాయసం వెంకట శివుడు పేరులో అదే మాట ఇంటిపేరు. ఈ ఇద్దరి మధ్య వంశ సంబంధం ఉందని దీనివల్ల తేలదు. హోదా ఇంటిపేరుగా మారే దారి ఉందని మాత్రమే తేలుతుంది.

3. ఇంట్లో ఉన్న కాగితాలు, పెద్దల జ్ఞాపకాలు

ఆఫీసులకు వెళ్ళకముందే ఈ పని ముగించుకోండి. పెద్దలను అడిగేటప్పుడు ‘మన ఇంటిపేరు ఎలా వచ్చింది?’ అని అడిగితే కథ వస్తుంది; సమాచారం రాదు. ‘మన పొలాల పేర్లేమిటి, ఊళ్ళో మనింటిని ఏమని పిలిచేవారు, మన ఇలవేలుపు ఏ ఊళ్ళో ఉంది, పురుడు వచ్చినా మైల వచ్చినా ఎవరెవరికి కబురు పంపేవారు?’ అని అడగండి. కరణం మాన్యం (మాన్యం అంటే సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూమి), కరణం దొడ్డి వంటి పొలం పేరు ఒకటి దొరికితే అది పది కథల కంటే విలువైనది, ఎందుకంటే ఆ పేరుకు సర్వే నంబరు ఉంటుంది. పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపడుచులను మరువకండి. పుట్టింటి పేరు, పుట్టింటి ఊరు వారికి గుర్తున్నంత స్పష్టంగా ఇంట్లో మిగిలిన మగవారికి గుర్తుండకపోవడం తరచుగా కనిపించే విషయం.

ఇక కాగితాల విషయం. పాత దస్తావేజు చేతికి వచ్చినప్పుడు అందరూ పై భాగం చదువుతారు: అమ్మినవారు, కొన్నవారు, హద్దులు. మీరు చివరి భాగం చదవండి. రాసి ఇచ్చినవాడి వ్రాలు (సంతకం), చదువు రానివారైతే నిశానీ, ఆ కింద సాక్షులు, చివర ‘ఫలానావారి దస్తూరి’ అని రాసినవాడి పేరు ఉంటాయి. ఊళ్ళో దస్తావేజులు రాసే పని చాలావరకు కరణమే చేసేవాడు. అందువల్ల మీ పూర్వీకుడు కరణమైతే అతని పేరు మీ కాగితాల్లో కంటే ఇరుగుపొరుగువారి కాగితాల్లో, దస్తూరి పక్కన, ఎక్కువసార్లు దొరుకుతుంది. ఒకే ఊరికి చెందిన నాలుగైదు కుటుంబాల దస్తావేజులను తేదీల వరుసలో పెట్టి ఆ చివరి పంక్తులు మాత్రమే రాసుకుంటే, ఆ ఊరికి ఎవరి తరువాత ఎవరు కరణమయ్యారో తెలిసిపోతుంది. ఇక్కడే అసలు సంగతి బయటపడుతుంది: ఆ పంక్తుల్లో పేరు ‘కరణం ఫలానా’ అని ఉందా, లేక వేరే ఇంటిపేరుతో మొదలై చివర ‘గ్రామకరణం’ అని ఉందా? మొదటిది ఉన్న కాగితంలోనైనా కరణం అన్నది ఉద్యోగమే కావచ్చు. కానీ కరణీకం (కరణం ఉద్యోగం) లేని తమ్ముడు, లేదా ఊరు విడిచి వెళ్ళిన కొడుకు కూడా ‘కరణం’ అనే రాసుకుంటే, ఆ తేదీనాటికి అది ఇంటిపేరైనట్టు ఖాయం చేసుకోవచ్చు. మొత్తం పరిశోధనలో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే ఆధారం ఇది.

4. ప్రభుత్వ రికార్డుల్లో వెతకడం

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ 1858లో ఏర్పడిన ఈనాం కమిషన్ ఊరూరా ఈనాములను (సేవకో దానంగానో ఇచ్చిన భూములను) విచారించి తయారు చేసిన ఈనాం ఫెయిర్ రిజిస్టరు మీకు ముఖ్యమైన పత్రం. ఒక్కో ఈనాముకు ఒక వరుస. అది ఏ సేవకు ఇచ్చింది, ఎంత విస్తీర్ణం, ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, విచారణనాటికి ఎవరి అనుభవంలో ఉంది, అతనికి మొదటివాడితో చుట్టరికం ఏమిటి అన్న వివరాలు అందులో గళ్ళ వారీగా ఉంటాయి. గ్రామసేవకు ఇచ్చిన మాన్యమైతే కరణీకం, తలారి, నీరుకట్టు, కమ్మరం వంటి వృత్తి పేరు కూడా దొరుకుతుంది. మీ పూర్వీకుడి వృత్తిని చేతిరాతలో చూపించే పత్రాల్లో దీనికి సాటి వచ్చేది అరుదు. ఊరి పేరు, పాత తాలూకా పేరు రాసుకుని కలెక్టరు కార్యాలయంలో గాని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గాని నకలుకు దరఖాస్తు చేయండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోకముందు కాలానికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

ఈ కాగితాల్లో సంవత్సరం ఫసలీలో, అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరంలో, ఉంటుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860-61.

తెలంగాణ జిల్లాల్లో వెతికేవారు సేత్వార్ (తొలి భూసర్వే రిజిస్టరు), పాత పహాణీలు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో తెలిపే లెక్కలు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ అడగాలి. నిజాం కాలం నాటివి ఉర్దూలోనూ, ఇంకా పాతవి పారశీకంలోనూ ఉంటాయి కాబట్టి చదివిపెట్టేవారిని ముందే చూసుకోండి. లిపి మారినప్పుడు ఇంటిపేరు రూపం కూడా చెదిరిపోతుంది. అచ్చంగా మీ పేరే కనిపించాలని పట్టుబట్టకుండా, ఊరు, సర్వే నంబరు, తండ్రి పేరు కలిసి సరిపోతున్నాయా అని చూడండి.

వారసత్వ తగాదాలను వదలకండి. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం కరణీకం ఎవరిదన్న వివాదాలు రెవెన్యూ కోర్టుల్లో నడిచేవి. వాది, ప్రతివాది ఇద్దరూ తమ తమ వంశవృక్షాలు దాఖలు చేసేవారు. వాటిలో అబద్ధాలూ ఉంటాయి గాని రెండు పక్షాలూ ఒప్పుకున్న భాగాన్ని నమ్మవచ్చు. పుట్టుకను బట్టి గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గాజుల దశరథ రామారావు కేసు 1961 నాటి లా రిపోర్టుల్లో ఉంది. (ఆ కేసు వేసినవారి ఇంటిపేరు కూడా వ్యాపారాన్ని తలపించేదే కావడం విశేషం.) చివరకు 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ ఉద్యోగాలన్నిటినీ రద్దు చేసింది. ఆ తేదీ తరువాతి కాగితంలో ‘కరణం’ అని కనిపిస్తే అది ఉద్యోగం అయ్యే అవకాశం లేదు, ఇంటిపేరో పాత పిలుపో అయి ఉండాలి. కాలాన్ని నిర్ణయించడానికి ఇది చక్కని గీటురాయి.

5. అంతకంటే వెనక్కి వెళ్ళాలంటే

కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి సహాయకుల చేత ఊరూరి చరిత్రలను రాయించి సేకరించిన కైఫీయత్తులు ఉన్నాయి. వాటిలో చాలా భాగం గ్రామ కరణాల దగ్గర ఉన్న కవిలెల (పాత లెక్కల పుస్తకాల) ఆధారంగా రాసినవే కాబట్టి కరణాల పేర్లు, వారి మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎలా చేతులు మారిందన్న వివరాలు కొన్ని ఊళ్ళకు దొరుకుతాయి. కడప, గుంటూరు జిల్లాలవి అచ్చయ్యాయి. మీ ఊరి కైఫీయత్తు ఉంటే అదృష్టం. లేకుంటే పొరుగూరిది చూడండి. అక్కడ ‘రాజు’ అనే మాట పేరు చివర కనిపిస్తే క్షత్రియులనుకోవద్దు, నియోగి కరణాల పేర్ల చివర ఆ మాట మామూలే.

శాసనాల చివర వ్రాసినవాడి పేరు, చెక్కినవాడి పేరు ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి. దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలో తెలుగు శాసనాలు ఉన్నాయి. అయితే అక్కడ మీ వృత్తి పేరు దొరికినంతలో మీ వంశం దొరికినట్టు కాదు. నాలుగు వందల ఏళ్ళ ఖాళీని ఊహతో పూడ్చడం కంటే ఆ ఖాళీని ఖాళీగానే రాసిపెట్టడం మేలు.

6. వ్యాప్తిని లెక్కించడం

జనాభా లెక్కల్లో ఇంటిపేర్ల వారీగా లెక్కలు ప్రచురించరు. కనుక ఫలానా ఇంటిపేరు ప్రపంచంలో ఇంతమందికి ఉందని ఖచ్చితమైన అంకెతో చెప్పే వెబ్‌సైట్లు ఇస్తున్నది అంచనా మాత్రమే. తెలుగు ఇంటిపేర్ల విషయంలో ఆ అంచనా మరీ తప్పే అవకాశం ఎక్కువ. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, అది కూడా చాలాచోట్ల ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. ‘కె. వెంకటరావు’ అని నమోదైన వ్యక్తి కరణం వారో, కంచర్ల వారో, కొల్లూరి వారో ఏ యంత్రమూ చెప్పలేదు. పైగా చివరి మాటను ఇంటిపేరుగా తీసుకునే పట్టికలో ఆయన ‘రావు’ కింద చేరిపోతాడు. విదేశాలకు వెళ్ళినవారి పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా విస్తరించి ఉంటుంది. దానివల్ల ఊళ్ళో ఉన్నవారి కంటే అమెరికాలో ఉన్నవారే ఎక్కువగా లెక్కకు వచ్చే విచిత్రం జరుగుతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగు మరో సమస్య. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన కరణం మల్లీశ్వరి పేరును ఇంగ్లీషులో ‘కర్ణం’ అని చదువుకునేలా రాస్తారు. మరికొందరు మధ్యలో ‘అ’కారం ఉంచి రాస్తారు. ఇంగ్లీషులో వెతికేటప్పుడు రెండు రూపాలూ విడివిడిగా వెతకాలి.

నమ్మదగిన పద్ధతి చిన్న పరిధిలో చేతితో లెక్కించడం. రెండు రాష్ట్రాల ప్రధాన ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో పోలింగ్ కేంద్రాల వారీగా ఓటర్ల జాబితాలు తెలుగులో దొరుకుతాయి. ముందు మీ స్వగ్రామం, తరువాత మీ మండలం, ఆపైన పక్క మండలాలు తీసుకోండి. మనుషులను కాక ఇంటి నంబర్లను లెక్కించండి. కోడళ్ళు ఆ ఇంటిపేరులో చేరడం, కూతుళ్ళు వెళ్ళిపోవడం వల్ల మనుషుల సంఖ్య వంశాల సంఖ్యను సూచించదు. పొడి అక్షరంతో ఉన్న పేర్లను వేరే గడిలో ‘అనిశ్చితం’ అని ఉంచండి, ఇష్టం వచ్చినట్టు పంచిపెట్టవద్దు.

వచ్చిన లెక్కను పటం మీద గుర్తిస్తే అర్థం తెలుస్తుంది. రెండు మూడు పక్కపక్క ఊళ్ళలో ఇళ్ళు దట్టంగా ఉంటే అది ఒకే కుటుంబం చీలి విస్తరించిన ఆనవాలు. చాలా ఊళ్ళలో ఒక్కో ఇల్లు చొప్పున పలుచగా చెదిరి ఉంటే, ఒక్కో ఊళ్ళో ఆ పేరు విడిగా పుట్టి ఉండవచ్చు. ఊరికొక కరణం ఉండే పద్ధతికి ఈ రెండో రూపం సహజం. అయినా కరణం అనే ఇంటిపేరు అంత ఎక్కువగా కనబడకపోవడం చూసి ఆశ్చర్యపోకండి. కరణీకం చేసిన కుటుంబాల్లో అత్యధికులకు ఊరి పేరే ఇంటిపేరు. సొంత ఊళ్ళో ‘కరణంగారు’ అన్నది పిలుపుగా సరిపోయింది. ఆ ఇంటివారు వేరే ఊరికి వెళ్ళినప్పుడో, బడిలో పేరు రాయించినప్పుడో, ముందున్న ఇంటిపేరు స్థానంలో ఆ పిలుపు నిలబడిన కొన్ని కుటుంబాలకే అది ఇంటిపేరైంది. వ్యాప్తిని చూసి ఆ వృత్తి ఎంత వ్యాపించిందో చెప్పబూనడం అందుకే సరికాదు.

7. ఒకే పేరున్న వారందరినీ ఒకే వంశంలో కలపవద్దు

మీ లెక్కలో దొరికిన ప్రతి కుటుంబానికి గోత్రం, సముదాయం, ఇలవేలుపు, తెలిసిన తొలి ఊరు, ఆ ఊరికి ఆధారమైన పత్రం అనే వివరాలు రాసుకోండి. కరణీకం కొన్ని ప్రాంతాల్లో నియోగులది, కొన్నిచోట్ల శిష్టకరణాలది, మరికొన్నిచోట్ల ఇతరులది కాబట్టి కరణం అనే ఇంటిపేరు సముదాయాన్ని తనంతట తానుగా చెప్పదు. పెళ్ళి సంబంధాల విషయంలో ఇది మరీ ముఖ్యం: ఇంటిపేరు ఒకటే అయినంతమాత్రాన దాయాదులు కారు, వేరైనంతమాత్రాన సగోత్రులు కాకుండానూ పోరు. కరణీకాన్ని అన్నదమ్ములు వాటాలుగా పంచుకుని వంతులవారీగా చేసిన ఇళ్ళూ ఉన్నాయి. అటువంటిచోట ఒక శాఖకు కరణం అన్న పేరు నిలిచి, మరో శాఖ పాత ఊరి పేరుతోనే కొనసాగి ఉండవచ్చు. మీ వంశవృక్షం గీసేటప్పుడు ఇటువంటి శాఖను ఇంటిపేరు కలవలేదని కొట్టివేయకుండా, మాన్యం సర్వే నంబరు రెండు శాఖల పట్టాల్లోనూ ఉందేమో చూసి, ఉంటే ఒక తరం పైన గీత కలపండి. లేకుంటే రెండు చెట్లూ విడిగానే ఉంచి, పక్కన ఏ పత్రం ఇంకా చూడవలసి ఉందో రాసుకోండి.